మంత్రి గారూ, మా క్లాసులో నాలుగు బల్లలు తీసేయనివ్వండి

రాష్ట్ర విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం సార్. ఆంధ్రప్రదేశ్‌లో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో మూడో తరగతికి చెప్పే టీచర్‌ని. పై అధికారుల ద్వారా పంపితే ఈ కాగితం ఏ ఫైల్లో నిద్రపోతుందో తెలుసు కాబట్టి ఇలా నేరుగా రాస్తున్నా.

బల్లలు వద్దని కాదు. మేం చదువుకున్నప్పుడు గోనెపట్టా చంకలో పెట్టుకుని బడికి వెళ్ళేవాళ్ళం. 2019లో ప్రభుత్వ బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం మొదలయ్యాక మా బడికి డ్యూయల్ డెస్కులు వచ్చిన రోజు పిల్లలు వాటిని చేత్తో నిమిరి చూసుకున్నారు. కానీ ఆ డెస్కులో కూర్చునే చెక్కా, రాసుకునే చెక్కా ఒకే ఇనప ఫ్రేముకి బిగించి ఉంటాయి, దగ్గరికి లాక్కోవడానికి లేదు, పొట్టి పిల్లల కాళ్ళు గాల్లో వేలాడతాయి, గోడ పక్క కూర్చున్నవాడు లేవాలంటే పక్కవాడు కూడా లేవాలి.

మా క్లాసులో ఒకడున్నాడు, ఎనిమిదేళ్ళు. "కాళ్ళల్లో చక్రాలు పెట్టుకు పుట్టాడు టీచర్ గారూ" అంటుంది వాళ్ళమ్మ. పది నిమిషాలు కాగానే డెస్కు కిర్రుమంటుంది, రబ్బరు కింద పడుతుంది, దాని వెంట వాడూ కిందికి. 2009 విద్యాహక్కు చట్టం శారీరక శిక్షలు వద్దంటుందని తెలిసీ ఒకసారి గోడకుర్చీ వేయించాను, సిగ్గుపడుతూనే చెప్తున్నా. ఉన్న కుర్చీలోనే కూర్చోలేనివాణ్ణి లేని కుర్చీలో కూర్చోమనడం!

తర్వాత పంక్చర్ షాపులో పాత సైకిల్ ట్యూబు ముక్క అడిగి తెచ్చి, వాడి డెస్కు ముందు కాళ్ళకి అడ్డంగా బిగించి కట్టాను. పాదంతో దాన్ని నొక్కుతూ, వదుల్తూ ఏడో ఎక్కం మొత్తం రాశాడు, తల ఎత్తకుండా. ఆ ధైర్యంతో ఓ మూల చాప వేసి రెండు పీటలు పెట్టాను, మూలపడ్డ ఎత్తు టేబులొకటి నిలబడి రాసుకోవడానికి వెనక వేశాను. మొదటి వారం గోలే, చాప మీద ఒకడు నిద్రపోయాడు కూడా. పక్కవాడి పని చెడగొడితే తిరిగి డెస్కుకే అని రూలు పెట్టాక సర్దుకున్నారు.

అప్పుడు తనిఖీకి వచ్చారు ఒక అధికారి. "ఇది బడా, సంతా?" అన్నారు. మర్నాటికి అన్నీ వరసల్లోకి వెళ్ళాయి, ట్యూబు కూడా విప్పించారు.

కుదురుగా కూర్చో అని రోజుకి వందసార్లు అంటాం కదా సార్. మా అమ్మమ్మ కుండని బట్టి కుదురు చుట్టేది, కుదురుకి సరిపోలేదని కుండని చెక్కలేదు. 2015లో అమెరికాలోని ఫ్లోరిడాలో 8 నుంచి 12 ఏళ్ళ అబ్బాయిల మీద చేసిన పరిశోధన ఒకటుంది. ఏడీహెచ్‌డీ, అంటే ధ్యాస నిలవక, కుదురుగా ఉండలేని సమస్య, ఉన్న పిల్లలు ఎక్కువ కదిలినప్పుడే జ్ఞాపకశక్తి పరీక్షలు బాగా చేశారు, మిగతావాళ్ళకి అలా జరగలేదు. అంటే అందరూ కదలాలనీ కాదు. మా వాడికి ఏడీహెచ్‌డీ ఉందని నేను అనడం లేదు, అది డాక్టర్లు చెప్పాల్సిన మాట.

ఇదేమీ అమెరికా నుంచి దిగుమతి చేసుకోవాల్సింది కాదు. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ అనే విద్యాసంస్థ వాళ్ళ పల్లె బడుల్లో పిల్లలు కార్డులు పట్టుకుని గుంపులుగా కింద కూర్చుంటారు, ఒక పని అయ్యాక ఇంకో గుంపులోకి లేచి వెళ్తారు. ఆ పద్ధతిని చెన్నై కార్పొరేషన్ బడులు 2003లోనే తీసుకెళ్ళాయి. మన పక్కనే పుట్టింది, మనకే కొత్తగా కనిపిస్తోంది.

దయచేసి తమిళనాడులా మాత్రం చేయకండి. 2025లో అక్కడ బల్లల్ని మూడు వైపులా వేయమని పైనుంచి ఉత్తర్వు ఇచ్చారు, పిల్లల మెడలు పట్టేస్తాయని విమర్శలొచ్చాయి. అందరికీ ఒకటే వరస పోయి అందరికీ ఒకటే వంకర వచ్చినట్టయింది.

నాకు కావలసింది ఒక్క వాక్యం ఉన్న సర్క్యులర్: ఏ పిల్లవాడు ఎలా కూర్చోవాలో క్లాస్ టీచరే చూసుకుంటారని. దాని కాపీ తనిఖీ అధికారులకి కూడా వెళ్ళాలి, అసలు వాళ్ళకే ముందు వెళ్ళాలి. ఈసారి ఫర్నిచర్ కొనేటప్పుడు చిన్న తరగతులకి నాలుగు డెస్కులు తగ్గించి పీటలు, ఒక ఎత్తు బల్ల ఇప్పించండి. ఖర్చు తగ్గుతుందే తప్ప పెరగదనుకుంటా.

ట్యూబు ముక్క నా సొరుగులో ఉంది. మా వాడు ఈ రోజు రబ్బరు ఆరుసార్లు కింద పడేశాడు.

ఇట్లు,
మూడో తరగతి టీచర్