అండాశయ గడ్డను సంచిలో పెట్టే తీయాలి

సంపాదకులకు,

అండాశయంలో నీటితిత్తి అనగానే ఆపరేషన్‌కు పరుగెత్తొద్దు. నెలసరి వచ్చే వయసులో 5 సెంటీమీటర్లలోపు మామూలు తిత్తి చాలావరకు రెండు మూడు నెలల్లో తనంతట తానే కరిగిపోతుంది. హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే మాత్రం ఆగొద్దు, అండాశయం మెలిపడి ఉండొచ్చు.

లాప్రోస్కోపీలో (చిన్న కోతల గుండా కెమెరాతో చేసే ఆపరేషన్‌లో) బొడ్డు దగ్గర 10 మిల్లీమీటర్ల కోత, పక్కన 5 మిల్లీమీటర్లవి రెండు మూడు చాలు. తిత్తి పొరను మాత్రమే ఒలిచి అండాశయాన్ని కాపాడాలి. రక్తం ఆపడానికి అతిగా కాలిస్తే అండాలు తగ్గిపోతాయి. పిల్లలు కావాలనుకునేవారు ఇది ముందే మాట్లాడుకోవాలి. డెర్మాయిడ్ (కొవ్వు, వెంట్రుకలు ఉండే తిత్తి) పగిలితే పొట్టంతా గోరువెచ్చని సెలైన్‌తో కడగాలి. అదే క్యాన్సర్ గడ్డ పగిలితే, ఒక్క అండాశయానికే పరిమితమైన 1ఎ దశ కాస్తా అంతకంటే ముదిరిన 1సి అవుతుంది. అందుకే గడ్డను పొట్ట లోపలే చిన్న సంచిలో పెట్టి బయటికి తీయడం తప్పనిసరి. అనుమానం బలంగా ఉన్న పెద్ద గడ్డకు పొట్ట కోయడమే మేలు.

తీసిన ముక్కకు బయాప్సీ రిపోర్టు అడిగి తీసుకోండి.

- ఒక గైనకాలజిస్టు, గుంటూరు