కారు పేరు చదవనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం మీ పత్రికలో వచ్చిన ఫుల్ పేజీ కారు ప్రకటన గురించి ఈ ఉత్తరం. డీటీపీలో ప్రకటనలు కంపోజ్ చేసి రిటైరైనవాణ్ని. పేపరు తెరిస్తే వార్తకన్నా ముందు ఫాంటే కంటబడుతుంది, ఏం చేయను!

కారు పేరును సన్నటి గీతల్లో అడ్డంగా సాగదీసి, అక్షరానికీ అక్షరానికీ మధ్య ఇంకో అక్షరం పట్టేంత జాగా వదిలారు. ఇప్పుడు ఏ కంపెనీ ప్రకటన చూసినా ఇదే వరస. కారు వెడల్పుగా, నేలకు అతుక్కున్నట్టు కనపడాలి కాబట్టి అక్షరమూ అలాగే ఉండాలట. ఇంగ్లిష్ పెద్దక్షరాలు ఆ సాగతీతను ఎలాగో తట్టుకుంటాయి. తెలుగుకు అదే కొలత పెట్టేసరికి 'ప్రయాణం' చివరి సున్నా విడిపోయి అంకెలా నిలబడింది.

1959లో ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు డీడీబీ ఏజెన్సీ చేసిన 'థింక్ స్మాల్' ప్రకటన చూడండి. తెల్లటి పేజీలో ఓ మూలకు చిన్న కారు, కింద ఫ్యూచురా అక్షరాల్లో రెండే మాటలు, ఫుల్‌స్టాప్, ఆ కింద మూడు కాలమ్‌ల మ్యాటర్. లేఅవుట్ చేసిన హెల్ముట్ క్రోన్ కూడా బోలెడు జాగా వదిలాడు. కాకపోతే కారు చుట్టూ వదిలాడు, అక్షరాల మధ్య కాదు. పేరు సరిగ్గా చదవనివ్వకపోతే ఏమవుతుందంటే, 2021లో కియా కొత్త లోగో వస్తే చాలామంది దాన్ని 'కేఎన్' అని చదివి, ఆ పేరుతోనే ఇంటర్నెట్‌లో వెతికారు.

స్టైల్ పిచ్చి ప్రకటనతో ఆగినా బాగుండేది. 2012లో అమెరికాలోని ఎంఐటీ ఏజ్‌ల్యాబ్ అనే పరిశోధన కేంద్రం కారు లోపలి డిస్‌ప్లే తెరల మీది అక్షరాలను పరీక్షించింది. యూరోస్టైల్ లాంటి చదరపు అక్షరాల బదులు ఫ్రూటిగర్ లాంటి విప్పారిన అక్షరాలు పెడితే, మగ డ్రైవర్లు తెర వైపు చూసే సమయం సుమారు 10 శాతం తగ్గింది.

అసలు టెన్షన్ ప్రకటనలో కారు పేరు పక్కనున్న చుక్కగుర్తుతో (*). దాన్ని పట్టుకుని వెళ్తే పేజీ అడుగున, బూడిదరంగు మీద రివర్స్‌లో చీమతలకాయంత తెల్లక్షరాలు. మైలేజీ ఏ పరీక్షలో వచ్చిందో, ఫొటోలోని అలాయ్ వీల్స్ ఏ మోడల్‌కు ఇస్తారో అన్నీ అక్కడే. న్యూస్‌ప్రింట్ మీద ఇంకు పాకుతుంది, అంత సన్నటి తెలుపు పూడుకుపోతుంది. డిజైన్ చేసినవాళ్లు కంప్యూటర్‌లో జూమ్ చేసి చూసుకుంటారు కాబట్టి వాళ్లకు బాగానే ఉంటుంది.

ప్రకటన మీరు చేసింది కాదని తెలుసు. కానీ షరతులు వార్తల సైజులో, తెలుపు మీద నలుపుగా ఉంటేనే వేస్తామని మీ ప్రకటనల విభాగం చెప్పగలదు కదా.

– ఒక పాత డీటీపీ ఆపరేటర్