రాజధాని పోగొట్టుకున్న ఊరికి వెళ్లొచ్చాను

రేయ్ మద్దిలేటీ,

ఫోన్లో చెబుదామంటే నీకు పగలైతే నాకు రాత్రి, ఎప్పుడూ కుదిరి చావదు. అందుకే రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

ఈస్టర్ సెలవులకు ఇక్కడ బ్రెజిల్‌లోనే గొయాస్ అనే ఊరికి వెళ్లొచ్చాను. నేనుండే గొయానియా నుంచి 140 కిలోమీటర్లు. రాష్ట్రం పేరూ గొయాసే, ఊరి పేరూ గొయాసే కాబట్టి జనం 'ముసలి గొయాస్' అంటారు. పాతికవేల జనాభా కూడా లేదు. దారి పొడవునా తెల్లటి మూపురం ఆవులు. ఆ జాతిని ఇక్కడ 'నెలోరి' అంటారు, మన నెల్లూరు పేరే. బస్సులో పక్కనున్న ముసలాయనకు ఆ మాట చెబితే నన్ను సొంత మేనల్లుణ్ణి చూసినట్టు చూశాడు.

ఆఫీసులో అందరూ "అక్కడేముంది, రాళ్ల రోడ్లు తప్ప" అన్నారు. నేను కర్నూలోణ్ణని వాళ్లకేం తెలుసు? అది కూడా రాజధాని పోగొట్టుకున్న ఊరేరా. మనది మూడేళ్ల ముచ్చట, 1953లో వచ్చి 1956లో పోయింది. వాళ్లది దగ్గర దగ్గర రెండొందల ఏళ్ల దర్జా. 1933లో గొయానియాకు శంకుస్థాపన చేసి, 1937లో రాజధానిని అధికారికంగా అక్కడికి తీసుకుపోయారు. తీసుకుపోయిన పెద్దమనిషి పెద్రో లుదోవికు ఎక్కడ పుట్టాడనుకున్నావ్? ఈ పాత ఊళ్లోనే! ఇప్పుడు ఏటా జూలైలో ఊరి పండగకు రాజధానిని లాంఛనంగా మళ్లీ ఇక్కడికి మారుస్తారు, కొద్ది రోజులు. నాకు నవ్వొచ్చింది గానీ, మనూళ్లో ఇలాంటిదొకటి పెడితే కొండారెడ్డి బురుజు దగ్గర జనాన్ని ఆపగలమా చెప్పు.

ఊరు పుట్టిందేమో బంగారం కోసం. బార్తొలొమేవు అనే సాహసికుడు ఈ అడవుల్లోకి వచ్చి, ఒంటినిండా బంగారం పెట్టుకున్న స్థానికులను చూశాడట. ఎక్కడిదో చెప్పమంటే వాళ్లు చెప్పలేదు. అతను పళ్లెంలో సారా పోసి నిప్పంటించి, "చెప్పకపోతే మీ నదులన్నీ ఇలాగే తగలబెడతా" అన్నాడట. నీళ్లు మండడం చూసి పాపం హడలిపోయారు. అతనికి 'అన్యంగేరా' అని పేరు పెట్టారు, ముసలి దయ్యం అని అర్థం. ఇది కథే అనుకో. కానీ అదే పేరున్న కొడుకు మళ్లీ వచ్చి 1727లో ఈ ఊరికి పునాది వేశాడన్నది చరిత్ర. తవ్వింది మాత్రం ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు. బంగారం ఆ శతాబ్దం దాటకముందే తగ్గిపోయింది. పాత జైలు ఇప్పుడు మ్యూజియం. పైఅంతస్తు నేలలో ఉన్న కంతలోంచి ఖైదీలను కిందికి దించేవాళ్లట. ఆ కింది గదిలో రెండు నిమిషాలు నిలబడ్డాను, చాలనిపించింది.

రాజధాని పోయాక ఊళ్లో పెద్దగా డబ్బులు తిరగలేదు. అందుకే పాత ఇళ్లు కూలగొట్టి అపార్ట్‌మెంట్లు లేపలేదు. ఒంటి అంతస్తు పెంకుటిళ్లు, తెల్ల గోడలు, నీలం పచ్చ తలుపులు అలాగే ఉన్నాయి. 2001 డిసెంబరులో యునెస్కో వారసత్వ జాబితాలో ఊరి పేరెక్కింది. ఆ మురిపెం తీరకముందే, అదే నెల 31న వెర్మెల్యో (అంటే ఎర్ర) నది పొంగింది. అన్యంగేరా పేరున్న శిలువ కొట్టుకుపోయింది, ఒడ్డునున్న ఇళ్లు దెబ్బతిన్నాయి. వంతెన మీద నిలబడి చూస్తే మోకాలి లోతు కూడా లేదు ఆ ఎర్రనది, ఇదా ఇంత పని చేసింది అనిపిస్తుంది. 2009లో తుంగభద్ర వచ్చి మీ ఇంట్లో దూలం దాకా వేసిన మరక గుర్తొచ్చింది.

ఆ వంతెన పక్కనే కవయిత్రి కోరా కొరాలినా ఇల్లు. ఈమె గురించి నీకు ప్రత్యేకంగా చెప్పాలి. 1889లో పుట్టింది. చదువు ప్రాథమిక బడి వరకే. 1911లో ఊరొదిలి వెళ్లి, 45 ఏళ్ల తర్వాత ముసలమ్మగా తిరిగొచ్చి, ఇదే ఇంట్లో పండ్ల మిఠాయిలు వండి అమ్ముకుంది. మొదటి కవితల పుస్తకం ఎప్పుడొచ్చిందో తెలుసా? 1965లో. అప్పటికి ఆమెకు 75. 1985లో పోయేసరికి దేశమంతా ఆమెను చదువుతోంది. నువ్వేమో నలభై దాటగానే కథలు రాయడం మానేసి రియల్ ఎస్టేట్ అంటున్నావ్. సరేలే, తిట్టను.

మిఠాయిల్లో అల్ఫెనిం అని ఒకటుంది. పాకాన్ని వేడిగా ఉండగానే చేతులతో సాగదీసి సాగదీసి పాలలా తెల్లబడ్డాక పిట్టలు, పువ్వులు చేస్తారు. పెళ్లిసారెలో చక్కెర చిలకలకు దూరపు చుట్టం లాగుంది. నా ముందే ఒకావిడ చిన్న కత్తెరతో టక్కున రెక్క కోసి, గోటితో ముక్కు నొక్కింది. ఐదు నిమిషాల్లో పావురం!

అన్నీ ఇంత తీయగా జరగలేదులే. పెకీ అనే పసుపుపచ్చటి కాయ వేసి అన్నం వండుతారు, వాసన వీధి చివరి దాకా వస్తుంది. దాన్ని కొరకకూడదు, పళ్లతో పైపైన గీరాలి. ఎందుకంటే లోపల విత్తనం నిండా సన్నటి ముళ్లు. నేనేమో మన మామిడి టెంక అనుకుని కసుక్కున కొరికాను. హోటలావిడ పట్టకారు తెచ్చి, టార్చిలైటు వేసి, నాలుక మీంచి ఒక్కొక్కటే పీకింది. పక్క టేబుల్ పిల్లలు లెక్కపెట్టారు, పదకొండు.

నొప్పి నాలుకతోనే ఈస్టర్ ముందటి బుధవారం అర్ధరాత్రి ఫొగరేవు ఊరేగింపు చూశాను. 12 కొట్టగానే వీధి దీపాలన్నీ ఆర్పేశారు. వేలమంది ఉన్నా చీమ చిటుక్కుమనలేదు. డప్పు మొదలైంది. మొనదేలిన ముసుగులు, రంగురంగుల నిలువుటంగీలు వేసుకున్న నలభైమంది కాగడాలు పట్టుకుని, ఒట్టి కాళ్లతో ఆ రాళ్ల మీద వేగంగా వచ్చారు. ఏసును పట్టుకోడానికి వెతికే సైనికులన్నమాట. చివరికి ఓ గుట్ట మీది చర్చి దగ్గర ఆయన దొరుకుతాడు, మనిషి కాదు, గుడ్డ మీద గీసిన బొమ్మ. ముసుగులు చూసి మొదట ఝడుసుకున్నా, అవి స్పెయిన్ నుంచి వచ్చిన పాత ఆచారమట. కానీ ఆ డప్పు, ఆ నిప్పు, ఆ పొగ... కళ్లు మూసుకుంటే మన పీర్ల పండగేరా.

జూలైలో వస్తున్నా. నీకని అల్ఫెనిం పిట్ట ఒకటి కొన్నాను. బస్సు కుదుపులకు ముక్కు విరిగింది, ముక్కు నేనే తినేశా. మిగతాది డబ్బాలో భద్రంగా ఉంది, చీమలు వదిలేస్తే నీదే.

నీ
శేషు