శత్రువు పిల్లలు కూడా మన బడిలోనే ఉన్నారు

తల్లిదండ్రులందరికీ వందనాలు, నమస్కారాలు.

పరీక్షల టైంటేబుల్, ఫీజు తేదీలు వెనక పేజీలో ఉన్నాయి, చూసుకోండి. ఈ పేజీ మాత్రం వేరే సంగతికి వాడుకుంటున్నాను. రెండు కుటుంబాల అనుమతి తీసుకునే రాస్తున్నాను. ఊరి పేరు, పిల్లల పేర్లు రాయను, మీరూ ఆరా తీయవద్దని మనవి.

మన ప్రార్థన హాలు గుమ్మం పక్కన ఒక చెక్క పెట్టె ఉంది. పిల్లలు తమ ప్రార్థన అవసరతలు చీటీ మీద రాసి అందులో వేస్తారు. నాయనమ్మకు షుగర్ తగ్గాలని, లెక్కల్లో పాసవ్వాలని, నాన్న తాగుడు మానాలని. శుక్రవారం సాయంత్రం నేనే తెరిచి చదువుతాను. ఈమధ్య ఒక చీటీలో ఒక్క వాక్యమే ఉంది: "వాని బిడ్డలు తండ్రిలేనివారవుదురు గాక." దాని కింద ఒక మనిషి పేరు. ఆ మనిషి కొడుకు మన దగ్గర ఏడో తరగతి. రాసిన బాబు ఆరో తరగతి.

బైబిలు చదివేవాళ్ళకు ఆ మాట తెలిసే ఉంటుంది. 109వ కీర్తన, 9వ వచనం. బాబును పిలిచి, కూర్చోబెట్టి, ఇది ఎక్కడ నేర్చుకున్నావు నాయనా అని అడిగాను. "రాత్రి కుటుంబ ప్రార్థనలో మా నాన్న రోజూ చదివేది ఇదే గదా మేడం" అన్నాడు. తను తప్పు చేసినట్టు వాడికి అనిపించలేదు. నిజానికి వాడు తప్పు చేయలేదు కూడా.

రెండు కుటుంబాలవీ పక్కపక్క పొలాలు. సాగర్ కాలువ చివరి భూముల్లో నీళ్ళ వంతు అంటే ఏమిటో మన జిల్లావాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. తూము దగ్గర మొదలైన మాట పెద్దమనుషుల దాకా, అక్కడి నుంచి స్టేషన్ దాకా వెళ్ళింది. చివరికి మన స్కూల్ బస్సు కూడా ఎక్కింది. పెద్దబ్బాయి, వాడి స్నేహితులు ఇద్దరు కలిసి, "నీళ్ళ దొంగ కొడుకు" అంటూ చిన్నబ్బాయి టిఫిన్ డబ్బా లాక్కోవడం, బ్యాగు కిటికీలోంచి విసిరేస్తామని బెదిరించడం కొన్ని వారాలుగా జరుగుతోంది. మేము గమనించలేదు. అది మా తప్పు. ఆ బిడ్డ మాకు చెప్పకుండా దేవుడికి చీటీ రాసుకున్నాడంటే, పెద్దవాళ్ళం మా మీద నమ్మకం లేకనే కదా. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇప్పుడు ఆ కీర్తన సంగతి. నేను క్రైస్తవ ఇంట్లో పుట్టిపెరిగినదాన్ని. శత్రువుల చేతిలోంచి విడిపించమని అడగడం తప్పని నేను ఎన్నడూ చెప్పను. అలా అడిగిన కీర్తనలు బైబిల్లో ఎన్నో ఉన్నాయి. దావీదును చంపడానికి సౌలు రాజు మనుషులు అతని ఇంటి చుట్టూ కాపు కాసినప్పటిది 59వ కీర్తన, అదే దావీదును కన్నకొడుకు అబ్షాలోము తరిమినప్పటిది 3వ కీర్తన. ప్రభువు నేర్పిన ప్రార్థనలోనే "దుష్టుని నుండి మమ్మును తప్పించుము" అని ఉంది. కడుపు మండినవాడు ఆ మంటను దేవుడి ముందు కక్కుకోవచ్చు. 109వ కీర్తన అదే పని చేస్తుంది. దెబ్బ తిన్నవాడు కర్ర తీసుకుని శత్రువు గుమ్మానికి వెళ్ళకుండా, ఆ మాటలన్నీ దేవుడి దగ్గర పెట్టి, తీర్పు ఆయనకు వదిలేశాడు.

కానీ ఒకటి గమనించండి. ఆ కీర్తనలో శత్రువు పేరు లేదు. ఆ ఖాళీలో పేరు రాసింది మనం. మనం పేరు పెట్టి చదువుతుంటే పక్కన చాప మీద కూర్చున్న పిల్లవాడు వింటున్నాడు. వాడికి ఆ "బిడ్డలు" ఎవరో తెలుసు. ఉదయం వాళ్ళతోనే బస్సెక్కాలి. ఆ ఏడో తరగతి అబ్బాయి తండ్రి లేనివాడు కావాలని ఒక ఇంట్లో ప్రార్థన జరుగుతుంటే, అదే అబ్బాయి అసెంబ్లీలో నా ఎదురుగా చేతులు జోడించి నిలబడతాడు. వాడికీ నేనే హెడ్‌మాస్టరమ్మను. ఏ బిడ్డ తరఫున ఆమెన్ అనమంటారు?

"మీ శత్రువులను ప్రేమించుడి, మిమ్మును హింసించు వారికొరకు ప్రార్థన చేయుడి" అన్న ప్రభువు మాటను పిల్లలకు బోధించేటప్పుడు కూడా జాగ్రత్త కావాలి. క్షమించేశావు కదా, పోయి వాడి పక్కన కూర్చో అని బిడ్డను తోసేవాళ్ళు ఉన్నారు. తనను తరుముతున్న సౌలు ఏన్గెదీ గుహలో తన చేతికే చిక్కినా దావీదు అతన్ని చంపలేదు, వస్త్రపు చెంగు మాత్రమే కోశాడు. సౌలు ఏడ్చి తన తప్పు ఒప్పుకున్నాడు. అయినా దావీదు అతని వెంట ఇంటికి వెళ్ళలేదు, తన వాళ్ళతో కొండ స్థలానికి వెళ్ళిపోయాడు. పగ వదిలేసినంత మాత్రాన మళ్ళీ ఈటె అందే దూరంలో నిలబడాలని లేదు. అందుకే ఆ ఇద్దరినీ బస్సులో దూరదూరంగా కూర్చోబెడుతున్నాం. ప్రతి బస్సులో ఒక టీచరు ఉంటున్నారు. బెదిరించిన ముగ్గురి తల్లిదండ్రులతో విడివిడిగా మాట్లాడాం.

సోమవారం బైబిలు పీరియడ్‌లో ఆరు, ఏడు తరగతులకు నేనే ఎలీషా ప్రవక్త కథ చెప్పాను. అరాము రాజు ఎలీషాను పట్టుకోవడానికి రాత్రికి రాత్రి గుర్రాలను, రథాలను పంపి దోతాను ఊరిని చుట్టుముట్టించాడు. ఎలీషా ప్రార్థిస్తే ఆ సైన్యానికి కళ్ళు కనబడకుండా పోయాయి. వాళ్ళను నడిపించుకుంటూ ఇశ్రాయేలు రాజధాని షోమ్రోను నడిబొడ్డుకు తీసుకొచ్చాడు. వీళ్ళను చంపేయమంటావా అని ఇశ్రాయేలు రాజు ఆత్రంగా అడిగాడు. ఎలీషా వద్దన్నాడు, అన్నం నీళ్ళు పెట్టించమన్నాడు. రాజు పెద్ద విందు చేసి, తిన్నాక వాళ్ళను ఇంటికి పంపాడు. ఆ తర్వాత ఆ దోపిడీ గుంపులు ఆ దేశంలోకి రాలేదని రాసి ఉంది. ఇక్కడ ప్రార్థనకు జవాబు వచ్చింది, శత్రువు చేతిలోంచి విడుదలా దొరికింది. ఎవరి పిల్లలూ తండ్రి లేనివాళ్ళు కాలేదు. కథ అయ్యాక ఒక పాప, "వాళ్ళకు కళ్ళు మళ్ళీ వచ్చాయా మేడం" అని అడిగింది. వచ్చాయమ్మా, అన్నం పెట్టకముందే వచ్చాయి అన్నాను.

జనవరిలో ఎనిమిదో తరగతిని ఒంగోలు ప్రార్థన కొండకు తీసుకెళ్తున్నాం. 1854 జనవరి 1న అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీలు జ్యూయెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి కింద ఉన్న ఊరి కోసం ప్రార్థించారు. వాళ్ళు అడిగింది ఆ ఊరికి ఒక సేవకుణ్ణి పంపమని. ఆ సేవకుడిగా మిషనరీ క్లౌ దొరగారు ఒంగోలు వచ్చేసరికి పన్నెండేళ్ళు దాటింది. పిల్లలకు అంత ఓపిక గురించి కూడా చెప్పాలనుకుంటున్నాను.

హిందూ, ముస్లిం కుటుంబాల తల్లిదండ్రులకు ఒక మాట. మీ పిల్లలు ప్రార్థనలో, బైబిలు పీరియడ్‌లో పాల్గొనాలని బలవంతం లేదు. రాజ్యాంగం 28వ అధికరణం మీకు ఆ హక్కు ఇచ్చింది. వద్దనుకుంటే ఒక కాగితం మీద రాసి పంపండి, ఆ సమయంలో లైబ్రరీలో కూర్చుంటారు. ఇంట్లో పగ మాటలు మాత్రం ఏ మతం పిల్లలైనా ఒకేలా వింటారు.

మీతో నా మనవి ఇది. పొలం తగాదా ఉంటే, కోర్టు కేసు ఉంటే, దేవుడికి చెప్పుకోండి, గట్టిగా ఏడ్చి చెప్పుకోండి. పిల్లలు నిద్రపోయాక చెప్పుకోండి. వాళ్ళు మెలకువగా ఉన్నప్పుడు ఎదుటి ఇంటి పిల్లల కోసం ఒక్క మంచి మాట ప్రార్థనలో చేర్చండి. నోరు రాకపోతే, ప్రభువా, ఆ బిడ్డలను కాపాడు అంటే చాలు.

ఇకపై ప్రార్థన పెట్టెను రోజూ సాయంత్రం తెరుస్తాను. తాళం నా దగ్గరే ఉంటుంది. చీటీ మీద పేరు రాయకపోయినా ఫరవాలేదు. ఏ చీటీలోనైనా భయం, దెబ్బలు, బెదిరింపు లాంటి మాట కనబడితే ప్రార్థనతో సరిపెట్టం, ఆ రోజే కదులుతాం. మాతో చెప్పడానికి సంకోచం ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది, ఆ నంబరు ప్రతి తరగతి గోడ మీద రాయించాను. ఇంట్లో కూడా ఒకసారి పిల్లలతో చెప్పించి చూడండి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు