మీట నొక్కడమేనా డీజే పని?

సంపాదకులకు,

డీజేలు సంగీతకారులు కారని, ఎవరి పాటలో వేసి పేరు కొట్టేస్తున్నారని మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. నేను చాలా ఏళ్లుగా కీబోర్డు వాయిస్తున్నాను, ఇంట్లో సొంతంగా ట్రాక్‌లు కూడా చేస్తుంటాను. ఒకప్పుడు నాదీ అదే మాట. ఒక స్నేహితుడు నన్ను రికార్డులు తిప్పే తన రెండు టర్న్‌టేబుళ్ల ముందు నిలబెట్టి "సరే, నువ్వే కలుపు చూద్దాం" అనేదాకా.

ఒక పాట ఆగకముందే రెండోదాన్ని తాళం తప్పకుండా అందులో కలపాలి. చూడటానికి చిన్న పనే. ఒక రికార్డు నిమిషానికి 125 బీట్లతో నడుస్తోంది, రెండోది 126. ఒక్క బీటే కదా తేడా అనుకున్నాను. రెండూ కలిపి మొదలుపెడితే, అర నిమిషం తిరిగేసరికి ఒకదాని కిక్ డ్రమ్ రెండోదాని రెండు దెబ్బల మధ్య సరిగ్గా పడుతోంది. గుర్రం కుంటుతూ పరిగెత్తినట్టుంది. ఒక చెవికి హెడ్‌ఫోన్, రెండో చెవిలో స్పీకర్ల మోత. ఒక చేత్తో రికార్డు వేగం మార్చే పిచ్ స్లైడర్‌ని వెంట్రుకవాసి జరపాలి, ఇంకో చేత్తో రికార్డు అంచుని వేలితో తట్టి ముందుకు నెట్టాలి. నేను ప్రతిసారీ ఎక్కువే నెట్టాను. ఎలాగో కలిశాయి అనుకునేసరికి రెండు పాటల బేస్‌లూ, అంటే లోతైన కింది స్వరాలు, ఒకదాని మీద ఒకటి పడి ఏదీ వినిపించకుండా పోయింది. ఒకదాని బేస్ తగ్గిస్తే గాని రెండోదానికి చోటు లేదు. అది సర్దాక, అసలు ఆ రెండు పాటల శ్రుతులే కలవవని తెలిసింది. గంటసేపు చెమటలు పట్టాయి. వాద్యం మీద నేను నేర్చుకున్న తాళం, శ్రుతి, ఎత్తుగడ అన్నీ అక్కడ కావాలి. చేతులకు మాత్రం అదంతా కొత్త.

ఇప్పుడు వేగం కలిపే పని సింక్ బటనే చేస్తోందని మీ వ్యాసకర్త రాశారు. నిజమే. ఆ లెక్కన, మనం ముందే రాసిపెట్టిన స్వరాల్ని తనంతట తను మోగించే సీక్వెన్సర్ కూడా ఎవరి వేళ్లూ తగలకుండానే వాయిస్తుంది, మేం చేసే ట్రాక్‌లు దాని మీదే నిలబడ్డాయి. మెషీన్ సాయం తీసుకోవడం తప్పయితే డీజే పక్కన నన్నూ బోనులో నిలబెట్టాలి.

అసలు ఈ డీజేల సంగీతంలో ఎవరు చేశారు, ఎవరు వినిపించారు అన్న గీత మొదటినుంచీ చెరిగిపోయే ఉంది. 1970లలో న్యూయార్క్ బ్రాంక్స్‌లో కూల్ హెర్క్ అనే డీజే ఒకే రికార్డువి రెండు కాపీలు పెట్టుకుని, డ్రమ్స్ మాత్రమే మోగే చిన్న ముక్కని ఒకదాని మీద అయిపోగానే రెండోదాని మీద అందుకుని సాగదీశాడు. అంత పొడుగు ముక్క ఆ రికార్డులో లేదు, అతని చేతుల్లోనే పుట్టింది. షికాగో కథ నాకు ఇంకా ఇష్టం. గిటారిస్టులకు బేస్ తోడుగా ఉంటుందని రోలాండ్ కంపెనీ తెచ్చిన టీబీ-303 అనే పెట్టె సరిగా అమ్ముడుపోక 1984లో తయారీ ఆగిపోయింది. దాన్ని చవగ్గా కొన్న షికాగో కుర్రాళ్లు, ఫ్యూచర్ అనే బృందంవాళ్లు, నాబ్‌లు ఇష్టం వచ్చినట్టు తిప్పి ఒక వింత శబ్దం రాబట్టారు. ఆ టేపుని రాన్ హార్డీ అనే డీజే క్లబ్‌లో వేస్తే మొదటిసారి జనం ఫ్లోర్ ఖాళీ చేశారని, అతను పట్టు విడవకుండా అదే రాత్రి మళ్లీ మళ్లీ వేస్తే నాలుగోసారికి ఊగిపోయారని ఆ బృందంవాళ్లు చెబుతారు. ఆ వింత శబ్దం మీద నడిచే యాసిడ్ హౌస్ అనే డాన్స్ సంగీతం అలా జనంలోకి వచ్చింది. ఆ టేపు చేసింది హార్డీ కాదు. అతను లేకపోతే అది వినేవాళ్లెవరు?

ఇదేదో అభిమానుల గొడవ కూడా కాదు, పన్ను లెక్కల దాకా వెళ్లింది. క్లబ్ టికెట్ మీద పన్ను కచేరీలకు వేసే 7 శాతమా, మామూలు వినోదానికి వేసే 19 శాతమా అన్న తగాదాలో, 2020లో జర్మనీలోని అత్యున్నత పన్ను కోర్టు టెక్నో, హౌస్ అనే డాన్స్ సంగీతాలు మోగే క్లబ్ రాత్రులు కచేరీల లాంటివి కావచ్చని చెప్పింది. టర్న్‌టేబుల్, పాటలు కలిపే మిక్సర్ వంటివి ఉన్న పాటను వినిపించడానికే కాక కొత్తది వాయించడానికి వాడితే వాద్యాలేనంది. ఈ షరతు నాకు నచ్చింది. డీజే అన్న బిరుదు చూసి కాకుండా, ఆ రాత్రి అతను చేసిన పని చూసి తేల్చమన్నట్టుంది.

అదే షరతు పెడితే పెద్ద వేదికల మీద కొందరు నిలబడరు. బాణసంచాకీ లైట్లకీ సెకను లెక్కన ముందే కుదిర్చిన పాటల వరస (సెట్టు) నడుస్తుంటే చేతులు పైకెత్తి ఊపేవాళ్లని మనం చూస్తూనే ఉన్నాం. అలాంటి వేదికల మీద తామంతా ప్లే నొక్కేవాళ్లమేనని కెనడాకు చెందిన ఎలక్ట్రానిక్ సంగీతకారుడు డెడ్‌మౌస్ 2012లో తనే బయటపెట్టాడు. డబ్బిచ్చి వేరేవాళ్లతో ట్రాక్‌లు చేయించుకుని తమ పేరు వేసుకునేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

నా అసలు ఫిర్యాదు వేరే. నేను చేసిన ట్రాక్ ఒకటి ఆ మధ్య ఒక పెద్ద కార్యక్రమంలో మోగింది. స్నేహితుడు ఫోన్‌లో తీసి పంపిన వీడియోలో నా బేస్ లైన్‌కి జనం గెంతుతున్నారు. ఆ డీజే దాన్ని చాలా బాగా కలిపాడు, నాకంటే బాగానే అనాలి. నా పేరు ఎక్కడా లేదు. మర్నాడు ఒక పత్రికలో వచ్చిన సమీక్ష ఆ ముక్కనే "ఆయన స్వరకల్పన" అని మెచ్చుకుంది. ఆ డీజే మీద నాకు కోపం లేదు, అది తన పాటని అతను ఎక్కడా అనలేదు. పొరపాటు రాసినవాళ్లది.

అందుకే మీకు రాస్తున్నాను. మీ కార్యక్రమాల పేజీలో పేరు పక్కన "డీజే సెట్" అనో "లైవ్" అనో ఒక మాట వేయండి. లైవ్ అంటే తన సంగీతాన్ని తన మెషీన్ల మీద అక్కడికక్కడ వాయించడం. డీజే సెట్ అయితే సమీక్ష రాసేవారు ఏ ట్రాక్‌లు వేశారో ఆ డీజేనే అడిగి రాయొచ్చు. నాకు తెలిసిన డీజేలెవరూ ఆ ప్రశ్నకు విసుక్కోరు, సంతోషంగా అరగంట చెబుతారు.

ఇట్లు,
మీ పాఠకుడు