‘స్టాకు ఉంది’ అంటే ఎంత ఉంది?

సంపాదకులకు నమస్కారం.

బడ్జెట్ పెట్టిన మర్నాడు వైద్య ఆరోగ్య శాఖకు ఇన్ని వేల కోట్లు అని పత్రికలన్నీ పెద్దక్షరాల్లో వేస్తాయి. ఆ అంకె పట్టుకుని అధికార, ప్రతిపక్షాలు నాలుగు రోజులు వాదించుకుంటాయి. ఆ సొమ్ములో ఎంత భాగం మందుబిళ్లై ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) ఫార్మసీ కిటికీలోంచి రోగి చేతిలో పడిందో మాత్రం ఎవరూ అడగరు. డాక్టర్ల ఖాళీలు, భవనాలు, ఆరోగ్యశ్రీ బకాయిలు ఒక్కోటీ ఒక్కో ఉత్తరానికి సరిపోతాయి. ఇక్కడ మందుల పద్దు ఒక్కటే తీసుకుంటాను.

బడ్జెట్ పుస్తకాల్లో ఒకే పద్దుకు మూడు రకాల అంకెలుంటాయి: అంచనా, సవరించిన అంచనా, వాస్తవ ఖర్చు. మనం పత్రికల్లో చదివేది మొదటిది. మూడోది రెండేళ్లు ఆగితేగానీ రాదు. 2023–24లో నిజంగా ఎంత ఖర్చయిందో 2025–26 పుస్తకంలో కనిపిస్తుంది. ఈలోగా ఆర్థిక శాఖ విడుదల ఉత్తర్వు ఇవ్వాలి, బిల్లు ఖజానా ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లోకి ఎక్కాలి, అది పాసై డబ్బు సరఫరాదారు ఖాతాలో పడాలి. ఏ మెట్టు దగ్గరైనా ఆగిపోవచ్చు. ఇంకో తిరకాసుంది. మందులు కొనే కార్పొరేషన్ ఖాతాకు డబ్బు బదిలీ చేసినా ఖజానా లెక్కలో అది ఖర్చయినట్టే. దాంతో మందు కొన్నారా, కొంటే ఏ ఊరికి చేరింది అన్నవి ఆ పుస్తకం చెప్పదు. కాగ్ నివేదికలు చెబుతాయి గానీ, అవి సభ ముందుకొచ్చేసరికి ఆ మందుల గడువు కూడా తీరిపోయి ఉంటుంది.

అసలు చిక్కు ఇండెంట్ దగ్గర, అంటే మాకిన్ని మందులు కావాలని కేంద్రం స్టోర్‌కు రాసే పత్రం దగ్గర మొదలవుతుంది. ఒక పీహెచ్‌సీ పరిధిలో 30,000 జనాభా, అందులో నమోదైన బీపీ రోగులు 1,500 మంది అనుకుందాం. రోజుకు ఒక అమ్లోడిపిన్ బిళ్ల చొప్పున నెలకు 45,000, మూడు నెలలకు 1,35,000 బిళ్లలు కావాలి. స్టోర్ నుంచి 90,000 వచ్చాయి. రెండు నెలల్లో అయిపోయాయి, మూడో నెల రిజిస్టర్‌లో వాడకం సున్నా. తర్వాతి ఇండెంట్ వేసేటప్పుడు చూసేది కిందటి మూడు నెలల వాడకం. అది 90,000. అంతే అడుగుతారు, అంతకన్నా తక్కువే వస్తుంది. లోటే అవసరంగా లెక్కకెక్కింది. ఏడాది తిరిగేసరికి 5,40,000 బిళ్లలు కావాల్సిన చోట 3,60,000 కూడా అందవు. కాగితం మీద మాత్రం దాదాపు అడిగినంతా ఇచ్చినట్టే ఉంటుంది.

దీన్ని సరిదిద్దడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మందు లేని రోజుల్ని లెక్కలోంచి తీసేయాలి. 60 రోజుల్లో 90,000 ఖర్చయితే రోజుకు 1,500, అంటే 90 రోజులకు 1,35,000. దానిమీద ఆలస్యాలకు తట్టుకునేలా కనీసం ఒక నెల నిల్వ కలపాలి. ఈ-ఔషధి సాఫ్ట్‌వేర్‌లో తేదీవారీ నిల్వ ఉంటుంది కనుక ఈ గుణకారం అదే చేసిపెట్టగలదు. ఇండెంట్ ఫారంలో ‘మందు లేని రోజులు’ అని ఒక గడి పెడితే చాలు.

అయితే ఆ గడీ పూర్తి నిజం చెప్పదు. సరుకు తక్కువొచ్చినప్పుడు అనుభవమున్న ఫార్మసిస్టు ఏం చేస్తారంటే, నెలకు 30 బిళ్లలు ఇవ్వాల్సిన చోట 10 ఇచ్చి మళ్లీ రమ్మంటారు. అందరికీ తలా కొంచెం అందాలని. వాళ్లను తప్పు పట్టలేం. కానీ నిల్వ ఎప్పుడూ సున్నాకు రాదు కాబట్టి పైఅధికారి తెరమీద ఆ కేంద్రం పచ్చగానే కనిపిస్తుంది. రోగి మాత్రం నెలకు మూడుసార్లు తిరగాలి. కూలికెళ్లే మనిషైతే మూడు రోజుల కూలీ పోతుంది, రెండోసారి తర్వాత రావడం మానేస్తాడు. బీపీ బిళ్ల మానేసిన సంగతి పక్షవాతం వచ్చినప్పుడుగానీ బయటపడదు. అందుకే చీటీకి సగటున ఎన్ని రోజుల మందు ఇచ్చారన్నది కూడా కొలవాలి. ‘మందులు అందుబాటులో ఉన్నాయి’ అనే ప్రకటనకన్నా ఈ ఒక్క అంకె ఎక్కువ చెబుతుంది.

పాము కాటు మందు సంగతి చూడండి. విషం ఎక్కిన లక్షణాలుంటే మొదటి విడతలోనే 8 నుంచి 10 వయల్స్ ఎక్కించాలి. ఫ్రిజ్‌లో నాలుగు వయల్స్ ఉన్న ఆసుపత్రిని ‘స్టాకు ఉంది’ జాబితాలో రాస్తే అది ఒక్క ప్రాణానికీ చాలదు. కుక్క కాటు టీకాకు లెక్క వేరు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో ఒక్కో మనిషికి రెండు చోట్ల 0.1 మిల్లీలీటరు చొప్పున 0, 3, 7, 28 రోజుల్లో ఇస్తారు. 1 మిల్లీలీటరు వయల్ ఒక పూటలో ఐదుగురికి సరిపోతుంది. తెరిచిన కొన్ని గంటల్లోనే వాడేయాలి. ఒక్కరే వచ్చిన రోజున వయల్ తెరిస్తే మిగతాది పారబోయాలి, వృథా ఎందుకయిందని ఆడిట్ అడుగుతుంది. ఆ భయంతో ‘ఇంకొందరు వచ్చాక రండి’ అంటే టీకా తేదీ తప్పుతుంది. లెక్కమీద సంతకం చేసే అధికారి ఆ వృథాను ముందే ఒప్పుకుని రాతపూర్వకంగా చెబితే ఈ తంటా ఉండదు.

సరుకు రాకపోతే స్థానికంగా కొనుక్కోవచ్చు కదా అంటారు. మందుల బడ్జెట్‌లో 80 శాతం కేంద్రీకృత కొనుగోలుకు, 20 శాతం స్థానిక కొనుగోలుకు అన్నది చాలాకాలంగా ఉన్న పద్ధతే. ఆచరణలో ముందుగా సెంట్రల్ డ్రగ్ స్టోర్ నుంచి ‘మా దగ్గర లేదు’ అన్న ధ్రువపత్రం రావాలి. రేపో మాపో లారీ వస్తుందన్న ఆశతో స్టోర్ వారు అది వెంటనే ఇవ్వరు. ఇచ్చేసరికి త్రైమాసికం ముగుస్తుంది. పైగా టెండర్‌లో పైసల్లో పడే బిళ్ల ఊళ్లో దుకాణంలో రూపాయల్లో ఉంటుంది కాబట్టి ఆ 20 శాతం డబ్బుకు 20 శాతం మందులు రావు. ధ్రువపత్రానికి 48 గంటల గడువు పెట్టి, జవాబు రాకపోతే లేనట్టే అనుకుని కొనుక్కోవచ్చని ఉత్తర్వు ఇవ్వడానికి సర్కారుకు ఒక్క రూపాయి ఖర్చు లేదు.

ఇక సరఫరాదారులు. బిల్లులు నెలల తరబడి ఆగితే మంచి కంపెనీలు తర్వాతి టెండర్‌కు రావు. వచ్చినవాళ్లు ఆ ఆలస్యానికయ్యే వడ్డీని ముందే ధరలో కలుపుతారు. ఒక్కడే టెండర్ వేసిన మందుకు మళ్లీ పిలవాలి, ఇంకో మూడు నెలలు పోతాయి. ఆర్థిక శాఖ బిల్లు ఆపి మిగిల్చానని అనుకున్నది ఇలా రెండింతలై తిరిగొస్తుంది. పీహెచ్‌సీలో మందు లేదని రోగి తిట్టేది మాత్రం కిటికీ వెనక మనిషిని. తిలా పాపం తలా పిడికెడు అనుకున్నా ఆ పిడికిళ్లన్నీ ఆఖరి మనిషి నెత్తినే పడుతున్నాయి.

పక్క రాష్ట్రం దీన్ని ముప్పై ఏళ్ల కిందటే కొంతవరకు దారికి తెచ్చింది. తమిళనాడు వైద్య సేవల సంస్థ 1994లో ఏర్పడింది. జిల్లాల్లో గిడ్డంగులు కట్టి, ప్రతి ఆసుపత్రికీ బ్యాంకు పుస్తకం లాంటి పాస్‌బుక్కు ఇచ్చారు. ఏడాదికి ఎన్ని రూపాయల మందులు తీసుకోవచ్చో అందులో ఉంటుంది. తీసుకున్నప్పుడల్లా తగ్గుతుంది, మిగులు కళ్లముందుంటుంది. పరీక్ష నివేదిక వచ్చేదాకా సరుకును గిడ్డంగిలో విడిగా ఉంచుతారు, పాసైతేనే ఆసుపత్రికి పంపుతారు. మన కార్పొరేషన్లు ఆ నమూనానే చూసి పెట్టుకున్నవే. గిడ్డంగి వచ్చింది, కంప్యూటరూ వచ్చింది, పాస్‌బుక్కు వెనకున్న ఆలోచన మాత్రం రాలేదు. తమ కేంద్రానికి ఈ ఏడాది ఎన్ని రూపాయల మందులకు హక్కుందో చెప్పగల మెడికల్ ఆఫీసర్లు ఎందరు?

2022 నాటి భారత ప్రజారోగ్య ప్రమాణాల ప్రకారం ఉపకేంద్రంలో 105 రకాల మందులు, పీహెచ్‌సీలో 172 రకాలు ఉండాలి. గుమ్మం దగ్గర ఒక బోర్డు పెట్టి వాటిలో ముఖ్యమైన 30 మందులకు నాలుగు గళ్లు రాయించమనండి: నెలకు కావాల్సింది, వచ్చింది, చేతిలో ఉన్నది, గడువు తేదీ. ప్రతి సోమవారం మార్చాలి. దాని పక్కనే ఆసుపత్రి అభివృద్ధి సంఘం లెక్క కూడా ఉండాలి. జాతీయ ఆరోగ్య మిషన్ కింద పీహెచ్‌సీకి ఏడాదికి 1,75,000 రూపాయలు ఇవ్వాలన్నది నిబంధన. అందులో కేంద్రం వాటా 60 శాతం, రాష్ట్రానిది 40. అది ఏ నెలలో వచ్చింది, దేనికి పోయింది అన్నది సంఘం మినిట్స్‌లో ఉంటుంది, సమావేశం జరిగితేనే.

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2021–22లో దేశంలో వైద్యానికయిన మొత్తం ఖర్చులో 39.4 శాతం జనం జేబులోంచే పోయింది. 2013–14లో ఉన్న 64.2 నుంచి తగ్గిన మాట నిజమే. కానీ బయట కొనుక్కోమని రాసిచ్చిన ప్రతి చీటీ ఆ శాతంలోకే వెళుతుంది. ఆ చీటీలకు ఇప్పుడు రిజిస్టరే లేదు. ఏ మందు బయటికి రాశారో ఓపీ పుస్తకంలో ఒక గీత గీసి నమోదు చేస్తే నెలాఖరుకు లోటు తేలుతుంది.

సర్కారు బోర్డు పెట్టేదాకా ఆగనక్కర్లేదు. సమాచార హక్కు చట్టం కింద మన ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుం లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు. 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘మందుల వివరాలు ఇవ్వండి’ అని గుండుగుత్తగా రాస్తే గుండుగుత్త జవాబే వస్తుంది. స్టాకు రిజిస్టర్, గత నాలుగు ఇండెంట్ల నకళ్లు, వాటికి ఎదురుగా స్టోర్ ఇచ్చిన ఇష్యూ వోచర్లు, గడువు తీరిన మందుల జాబితా అని పేరు పెట్టి అడగాలి. నకళ్ల బదులు రికార్డు చూస్తామని కూడా రాయవచ్చు, మొదటి గంటకు రుసుం ఉండదు. ఇండెంట్‌నూ వోచర్‌నూ పక్కపక్కన పెట్టి ఐదు మందుల వరసలు చదవడానికి ఆ గంట సరిపోతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
తెనాలి