ఈ విడత గొర్రె పిల్లల్లో కొన్ని ఆలస్యమవుతాయి: కారణం నట్టలు

సిరొంచ, అంకీస, ఆసరెల్లి వైపు నుంచి గొర్రె పిల్లల కోసం మాకు బయానా ఇచ్చిన వారందరికీ నమస్కారం. దసరాకు ముందే ఇస్తామన్న పిల్లల్లో కొన్నింటిని ప్రస్తుతానికి మా దొడ్డిలోనే ఆపుతున్నాము.

వానలకు ప్రాణహిత ఒడ్డున పచ్చిక దట్టంగా పెరిగే ఈ నెలల్లోనే, గొర్రె నాలుగో కడుపులో చేరి రక్తం పీల్చే హీమాంకస్ అనే నట్ట విజృంభిస్తుంది. ఒక్క ఆడ నట్ట రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. అవి పెంటికలతో నేలపై పడి, వెచ్చని తడిలో పొదిగి, వారం తిరిగేసరికి సోకే దశకు చేరిన పిల్లపురుగులై గడ్డి పోచల మీదికి పాకుతాయి. ఒక్కో నట్ట తాగేది రోజుకు 0.05 మిల్లీలీటరే అయినా, 5,000 నట్టలున్న పిల్ల రోజుకు పావు లీటరు రక్తం కోల్పోతుంది. 15 కిలోల పిల్ల ఒంట్లోని రక్తమంతా కలిపి సుమారు ఒక లీటరే. పైగా ఈ నట్ట సోకితే చాలాసార్లు పారుడు కూడా ఉండదు కనుక, పెంటికలు గట్టిగా ఉన్నాయని నిశ్చింతగా ఉండటానికి వీలులేదు.

దవడ కింద ఉబ్బును చూసి పిల్ల బలిసిందని ముచ్చటపడే వారూ ఉన్నారు. అది కండ కాదు, రక్తంలో మాంసకృత్తులు తగ్గినందువల్ల దిగిన నీరు. వేలితో నొక్కితే గుంట పడుతుంది.

"అన్నింటికీ ఒకేసారి నట్టల మందు తాపి ఇచ్చేయరాదా?" అని కొందరు అడిగారు. అవసరం లేని జీవాలకు కూడా పదేపదే తాపితే మందుకు లొంగని నట్టలే మిగిలి, రేపు మీ మందలోకి చేరేవి అవే. అందువల్ల ప్రతి పిల్ల కింది కనురెప్పను తిప్పి చూస్తున్నాము. లోపల ఎర్రగా ఉన్నవాటిని ఇస్తాము; పాలిపోయినవాటికి పశువైద్యుని సలహాతో, అంచనాగా కాక తూకం వేసి మందు తాపుతున్నాము. తక్కువ మోతాదు కూడా నట్టలను మొండిగా మారుస్తుంది. మాంసానికి అడిగిన వారికి, మందు తాపాక ఎన్ని రోజులు మాంసం తినకూడదని సీసాపై రాసి ఉంటుందో ఆ గడువు దాటేవరకు ఆ పిల్లలను అమ్మము.

తీసుకువెళ్లిన పిల్లలను కొద్ది రోజులు వేరుగా కట్టండి, మంచు ఆరకముందే మేతకు తోలకండి. ధర మారదు. ఆగలేని వారు బయానా పూర్తిగా వెనక్కి తీసుకోవచ్చు.